శిరోవేదనయు మన యన్నపానములును

(మహాసభయందు గావించిన యుపన్యాసము)

  

నేటి ప్రాతఃకాలమున ధర్మవరమున రైలెక్కి, పెనుకొండమీదుగా ఈ హిందూపురమునకు విచ్చేసినవారు మీలో ననేకులు గలరు. వారిలో పలువురు స్టేషనులో నొక గ్లాసెడు టీ త్రాగి, ఫలాహార మేమియు లేకయే సభలో కూర్చుండి, స్వాగతవచనములును తీర్మానములును వినిన పిమ్మట నిప్పుడు కణతలు నొక్కుకొనుచుండుట వేదికనుండి నాకు కనబడుచునే యున్నది. నా యుపన్యాసమును భోజనమునకు ముందుంచిన కార్యదర్శిగారు తెలిసి చేసిరో తెలియక చేసిరో గాని, నేను చెప్పదలచిన విషయమున కింతకంటె మంచి నిదర్శనము దొరకదు.

మగ్గము నమ్ముకొని జీవించు మన తొగటవీరక్షత్రియులకు తలనొప్పి క్రొత్త గాదు. ధర్మవరములోనేమి, సోమందేపల్లిలోనేమి, ఇచ్చటి ముదిరెడ్డిపల్లిలోనేమి, ఎవ్వరి నడిగినను “జరీ తళుకు కన్నులకు కొట్టి నొప్పి వచ్చుచున్న”దనియే చెప్పుదురు. అందు కొంత సత్యము లేకపోలేదు. చాలని వెలుతురులో సన్ననిపోగు చూచుచు మెడ వంచి కూర్చుండువానికి నొప్పి రావచ్చును. కాని కంటికి అద్దములు వచ్చినను, ఇంట విద్యుద్దీపములు వెలిగినను నొప్పి పోనివా రెందరో యున్నారు. అట్టివారు తమ కంచమువైపును చెంబువైపును ఒకమారు చూడవలయునని నా మనవి.

నా యింటి సంగతియే చెప్పెదను. నా తల్లి ముప్పదియేండ్లు రాట్నముముందు కూర్చుండి కండెలు చుట్టినది. సాయంకాల మగుసరికి తలకు గుడ్డ బిగించి, కణతలకు శొంఠిగంధము పట్టించి, చీకటి గదిలో పండుకొనెడిది. అంగడిలో కొన్న మాత్రను మొదట వారమున కొకటి, పిదప దినమున కొకటి, తుదకు పూటకొకటి మ్రింగుచుండెను. కడుపులో పుండుపడి నెత్తురు కక్కుకొన్న నాడు గాని మేము మేల్కొనలేదు. ఆసుపత్రిలో మాత్రలు మాన్పించి, వేళకు భోజనము పెట్టిరి. తొలి నాలుగు దినములు నొప్పి దుర్భర మాయెను. ఆ పిమ్మట క్రమముగ తగ్గెను. ఇల్లు చేరిన తరువాత ఆమె పూర్వపు దినచర్యను కాగితముపై వ్రాసి చూచుకొని, వైద్యము చదివిన నేనే సిగ్గుపడితిని. తెల్లవారుజామున టీ, ఎనిమిదింటికి టీ, పదింటికి టీ, మగవారందరు తిని లేచిన పిదప రెండుగంటలకు మొదటి ముద్ద, దినమంతయు కలిసి నీరు రెండు చెంబులు. ఆమెకు వచ్చిన జబ్బునకు వేరు పేరెందుకు?

ఆకలి తలనొప్పికి కారణమగునని శాస్త్రజ్ఞులును కనుగొనియున్నారు. ఇస్రాయేలు దేశమున యూదులు సంవత్సరమున కొకనాడు అన్నపానములు రెండును విడిచి యిరువదియైదు గంటల కఠినోపవాస ముందురు. 1995లో ప్రకటింపబడిన యొక పరిశోధనయందు ఆ దినమున ఉపవసించినవారిలో నూటికి 39 మందికిని, ఉపవసింపనివారిలో నూటికి 7గురికే యును తలనొప్పి వచ్చినట్లు తేలినది. అదివరకే తలనొప్పి వచ్చు స్వభావము గలవారు అం దెక్కువగా బాధపడిరి. మన చౌడేశ్వరీదేవి జ్యోతు లెత్తునాడు ఉపవాసముండువారికిని, రంజానుమాసమున పెనుకొండ ముసల్మాను సోదరులలో కొందరికిని కలుగు నొప్పి యీ జాతిదే. వ్రతము మానుమని నేననను. పార్శ్వపునొప్పి గలవారు ముందురాత్రి కడుపునిండ తిని, నీరు బాగుగ త్రాగి వ్రతము పట్టుట మేలు. ఏ వ్రతమును లేనిదినమున, కేవలము పనితొందరచే పస్తుండుట మాత్రము ఏ దేవతకును ప్రీతికరము గాదు.

నీటి సంగతి యింకను విచారకరము. మనది వాన తక్కువ సీమ. వేసవిలో కొండరాళ్లు నిప్పులు చెరుగును. అయినను మగ్గపుగుంటలో దిగినవాడు లేచుట కిష్టపడడు. చీర దిగిన గాని కూలి రాదు గదా! పట్టుపై నీరు చిందునను భయమున చెంబును దూరమున నుంచెదరు. మరుగుదొడ్డి వసతి చాలని యిండ్లలో స్త్రీలు కావలయుననియే నీరు మానుకొందురు. ఈ మాట సభలో చెప్పదగినది గాదని కొందరనుకొనవచ్చును; చెప్పకపోవుటచేతనే యిన్నాళ్లు సాగినది.

ఇక టీకాఫీలు. వీనిలోని కెఫీను అను పదార్థము అలసటను మరపించును. కొన్ని తలనొప్పులను తగ్గించును గూడ. అందువలననే కొన్ని నొప్పిమాత్రలలో దానిని కలిపెదరు. అయితే ప్రతిదినము దాని నలవాటుపడినవాడు హఠాత్తుగ మానినచో, 12 మొదలు 24 గంటలలోపల తలనొప్పి యారంభమై, కొన్ని దినములవర కుండవచ్చును. పెండ్లికి పోయి వేళకు కాఫీ దొరకనివాని చికాకు మీరెరుగనిదా? మరల నొక గ్లాసు త్రాగగానే తగ్గును. తగ్గెను గనుక అదియే మందని భ్రమపడును. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన సూచనల ననుసరించి దినమునకు 300 మిల్లీగ్రాములకు మించి కెఫీను కూడదు. ఒక పర్యాయపు టీలో 30 మొదలు 65 వరకును, 150 మిల్లీలీటర్ల డికాక్షను కాఫీలో 80 మొదలు 120 వరకును ఉండును. భోజనమునకు గంటముందును, గంటవెనుకను టీకాఫీలు త్రాగరాదనియు అందే చెప్పబడినది. అవి అన్నములోని యినుమును దేహమునకు పట్టనీయవు. రక్తహీనులగు మన స్త్రీలకు తలనొప్పియు, తలతిరుగుటయు కలుగుటలో దీనికిని పాలు గలదు. మానదలచినవారు ఒక్కనాడే మానక, రెండు మూడు దినముల కొక గ్లాసు చొప్పున తగ్గించుకొనవలయును.

మాత్రల విషయమున నొక లెక్క జ్ఞాపకముంచుకొనుడు. సామాన్యపు నొప్పిమాత్రలు నెలకు 15 దినములు గాని, కెఫీను మొదలగునవి కలిపినవి నెలకు 10 దినములు గాని, మూడుమాసములకు మించి వాడినచో ఆ మాత్రలే క్రొత్త తలనొప్పికి హేతువు కావచ్చును. నా తల్లికి జరిగిన దదియే.

మనవారు వేరుసెనగను, వంకాయను పైత్యమని నిందింతురు. నేటి పట్టణవాసులు నూడిల్సులోని అజినొమోటోను నిందింతురు. ఈ రెండవ యపవాదు 1968లో అమెరికాదేశపు వైద్యపత్రికలో నచ్చయిన యొక లేఖతో ప్రబలినది. పిదపటి పరీక్షలు దానిని నిలుకడగా రుజువు చేయలేకపోయినవి. ఒకరికి పడని పదార్థము మరియొకరికి పడును. కావున షావుకారు పద్దు వ్రాయునట్లే మీరును మూడువారములపాటు తిన్నవేళ, త్రాగినవి, నిద్ర, నొప్పి వచ్చిన గడియ ఒక చీటిపై వ్రాసికొనుడు. సారాదుల పేరు ఆ చీటిలో తరచు కనబడినచో నన్నడుగ నక్కరలేదు.

ఒక్క హెచ్చరిక. పిడుగుపడినట్లు హఠాత్తుగ వచ్చిన నొప్పిగాని, జ్వరముతోను మెడబిగింపుతోను గూడినదిగాని, కాలుసేయి పడుటతో, మాట తడబడుటతో వచ్చినదిగాని, గర్భిణికి చూపుమసకతో వచ్చినదిగాని యైనచో చీటి వ్రాయుచు కూర్చుండక వెంటనే ఆసుపత్రికి పోవలయును.

మన సంఘమువారిని నేను కోరునది స్వల్పము. ప్రతి మగ్గపుశాలలో మూతగల కుండయు, చేతికందుచోట లోటాయు నుండవలయును. ప్రొద్దున తొమ్మిదిలోపల చద్దన్నమో, ఉగ్గానియో, ఒక ముంత రాగియంబలియో మగ్గమెక్కువారికే గాక కండెలు చుట్టువారికిని అందవలయును. మరుగుదొడ్డి లేని యిండ్ల జాబితా యొకటి వ్రాసి వచ్చు సంవత్సరపు సభలో చదువవలయును. దాతల పేర్లకు ముందుగనే చదివినను తప్పులేదు.

విస్తళ్లు వేసినారని కబురు వచ్చినది. పంక్తిలో తొలుత స్త్రీలను కూర్చుండబెట్టుటకు అధ్యక్షులవారి యనుజ్ఞ వేడుచు విరమించుచున్నాను.