ఊరి నడిబొడ్డు – పురపాలక సంఘము
(పఠనమందిర సభలో ఒక న్యాయవాది గావించిన ఉపన్యాసము)



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణములు సాగరు ఎడమ కాలువ నీటితోను, బాటల వర్తకముతోను పెరిగినవి. ఊరు బయటి రోడ్ల వెంట సాగుచున్నకొలది పాత బజారు ఇరుకై, మురికియై చిక్కిపోవుచున్నది. దానిని బాగుచేయుటను గూర్చిన మాట వచ్చినప్పుడెల్ల ఎన్ని కోట్లు మంజూరైనవని అడుగుదుమే గాని, వానిని వెచ్చించు సంఘ మెట్టిదని అడుగము. ధనము భవనమును కట్టగలదు; బజారును నిలుపునది పురపాలక సంఘమే. ఇదియే నా మనవి.

దీనికి సాక్ష్యము కొఱకు దూరదేశములకు పోనక్కరలేదు. 2000 సంవత్సరపు చెత్త నియమములు దేశమందలి పట్టణములన్నిటికిని ఒక్కటే. అయినను 2003 ప్రాంతమున సూర్యాపేట పురపాలక సంఘము వీథులలోని చెత్తకుండీలనే తీసివేసి, ఇంటింటను తడిచెత్త, పొడిచెత్త వేరుగా గైకొని, తడిదానిని ఎరువుగా మార్చి, పొడిదానిని అమ్మి దేశమునకు మాదిరి చూపెను. శాసనము అందరిదియు నొక్కటే. పూనిక మాత్రము సూర్యాపేటది.

ఇదే ఊరిలో 2023లో సమీకృత మార్కెటు ప్రారంభమైనది. మంచిదే. కాని అందలి దుకాణములు ఎవరికి, ఎంత అద్దెకు, ఏ పద్ధతిని ఇయ్యబడునో దానిపైననే దాని బ్రతుకు ఆధారపడియుండును. అద్దె మిక్కుటమైనచో తట్టతో ఆకుకూర తెచ్చుకొను తల్లి మరల రోడ్డు ప్రక్కనే కూర్చుండును, రాతికట్టడము బోసిపోవును.

వీథి వర్తకుల శాసనము 2014లో వచ్చినది. ప్రతి పట్టణమునను వర్తక సంఘ మొకటి యుండవలెను. అందు నూటికి 40 మందికి తక్కువ గాకుండ వీథి వర్తకులే ఎన్నికై యుండవలెను. లెక్క తీయుట పూర్తికాకముందు ఎవ్వరిని లేవగొట్టరాదు. ఈ హక్కు చాలమంది తోపుడుబండి వారికి తెలియదు. తెలియని హక్కు పెట్టెలో దాచిన దస్తావేజు వంటిది.

రోడ్డు వెడల్పు సంగతియు నిట్టిదే. 1915లో పాట్రిక్ గెడ్డిస్ అను స్కాట్లండు పండితుడు తంజావూరును పరిశీలించి, ఊరి మధ్యనుండి వెడల్పు వీథులు చీల్చుటకంటె, అవసరమైన కొద్ది ఇండ్లను మాత్రమే తీసి, గాలికి, చెట్టుకు, బావికి చోటిచ్చుట చౌకయు, మేలును అని చెప్పెను. దానికి ప్రతి సందును నడచి చూచిన వార్డు సభ్యుడు కావలెను; దూరమందలి పటములు చాలవు.

సంఘము లేని ఊరి గతి నందికొండయందు చూడనగును. 1955 డిసెంబరు 10న ఆనకట్టకు శంకుస్థాపన జరిగిన పిమ్మట హిల్ కాలనీ, పైలాన్ కాలనీలు ప్రాజెక్టు క్వార్టర్లుగా వెలసినవి. పురపాలక సంఘము 2018లో గాని ఏర్పడలేదు. 2022లో 274 ఎకరముల బుద్ధవనము ప్రారంభమైనది. అచ్చటికి వచ్చు యాత్రికుడు ఊరిలో ఒక పూట నిలుచునా, బస్సెక్కి పోవునా అన్నది త్రాగునీరు, దీపములు, మరుగుదొడ్లు, అంగళ్లను బట్టి యుండును. అవి సంఘము పనులు.

74వ రాజ్యాంగ సవరణము 1993 జూన్ 1 నుండి అమలులోనికి వచ్చినది. పట్టణ రచన మొదలుగా 18 విషయములను పురపాలక సంఘములకు అప్పగింపవచ్చునని పట్టిక యిచ్చినది. పాలకవర్గపు గడువు తీరకముందే ఎన్నిక జరుపవలెనని 243-యు అధికరణము శాసించుచున్నది. అయినను 2020 జనవరిలో ఎన్నికైన మన పాలకవర్గముల గడువు 2025 జనవరిలో తీరగా, సకాలమున ఎన్నికలు జరుగలేదు, ప్రత్యేకాధికారులు వచ్చిరి. వారు దక్షులే అయి యుండవచ్చును. కాని సందులో మురుగు నిలిచినప్పుడు ఓటరు వాకిట నిలువవలసిన అగత్యము వారికి లేకపోయెను.

కావున సోదరులారా! మూడు ప్రశ్నలు విడువక అడుగుడు. వర్తక సంఘము ఎప్పుడు కూడినది? మార్కెటు అద్దెల లెక్క ఎక్కడ? తొలగింపబడినవారికి చోటేది? స్వరాజ్యము ఢిల్లీలో రాజ్యాంగమై పుట్టినను, మన కూరగాయల బజారులోనే అది పరీక్షకు నిలుచును. ఆ పరీక్షలో మనమును పరీక్షితులమే.