సలహాదారుని ఎంచుకోవలసింది పిల్లలే

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మన బడి పిల్లలు ఒక సేవాదళం పెట్టుకోబోతున్నారనీ, దానికి పూర్వ విద్యార్థుల్లోంచి సలహాదారులు కావాలనీ కార్యదర్శి గారు చెప్పారు. ఈ విషయంలో నాకు కాస్త అనుభవం ఉంది. చేసిన తప్పు కూడా ఒకటి ఉంది. రెండూ చెబుతాను.

1993లో నేను ఎం.ఎస్. చదవడానికి అమెరికా వెళ్లాను. ఒకరోజు రక్తదాన శిబిరంలో కుర్చీలు వేయడానికి మనిషి తక్కువయ్యాడని ఒక మిత్రుడు నన్ను లాక్కెళ్లాడు. అలా ఆల్ఫా ఫై ఒమేగా అనే విద్యార్థి సేవా సంఘంలో చేరాను. అలాంటి సంఘాన్ని అక్కడ ఫ్రాటర్నిటీ అంటారు. 1925 డిసెంబరు 16న పెన్సిల్వేనియాలోని లఫాయెట్ కాలేజీలో ఫ్రాంక్ రీడ్ హోర్టన్ అనే విద్యార్థి, తోటి విద్యార్థులతో కలిసి, స్కౌట్ ఆదర్శాల మీద దాన్ని స్థాపించాడు. నాయకత్వం, స్నేహం, సేవ దాని మూడు సూత్రాలు. ఒక్కో కాలేజీలో ఒక్కో శాఖ ఉంటుంది. శాఖను నడిపేది విద్యార్థులే. వాళ్లకు అండగా సలహాదారులుంటారు.

ఆ అండ ఎందుకంటే, విద్యార్థులు నాలుగేళ్లలో వెళ్లిపోతారు. నిరుడు హాలు ఎలా దొరికింది, డబ్బు లెక్క ఎక్కడ తప్పింది, ఎవరికి మాట ఇచ్చాం, ఇవన్నీ వాళ్లతోపాటే పోతాయి. ఆ జ్ఞాపకాన్ని నిలిపి ఉంచేది సలహాదారే.

మా శాఖకు కాగితం మీద చాలా పెద్ద హోదా ఉన్న సలహాదారు ఉండేవారు. ఆయన మంచివారే, కానీ తీరిక లేని మనిషి. ఒక ఫారం మీద ఆయన సంతకం సమయానికి అందక రక్తదానానికి అనుకున్న హాలు పోయింది. అప్పుడు మా అధ్యక్షురాలు, రెండో సంవత్సరం చదివే అమ్మాయి, అందరినీ కూర్చోబెట్టి ఒకే ప్రశ్న అడిగింది: "వరండాలో మనం పలకరిస్తే ఆగి మాట్లాడేది ఎవరు?" నాలుగు పేర్లు వచ్చాయి. వాటిలో పెద్ద పేరు ఒక్కటీ లేదు.

ఉత్తరాలు రాయలేదు. ఇద్దరిద్దరు చొప్పున వాళ్ల గదులకే వెళ్లాం. చేతిలో ఒక్క కాగితం. మేం చేసే పనులు, వారి నుంచి కోరేవి అందులో రాసుకున్నాం: నెలకు ఒక సమావేశం, సెమిస్టరుకు ఒక సేవా కార్యక్రమం, లెక్కలు చూడడం, గడువు ఒక ఏడాది. ఒక లైబ్రేరియన్ గారు తన వల్ల కాదని చెప్పి, సివిల్ ల్యాబులో పనిచేసే ఒకాయన పేరు సూచించారు. ఆయన ఒప్పుకున్నారు. మొదటి సమావేశంలో గంటసేపు నోరు విప్పలేదు. చివర్లో మాత్రం, "వాన పడితే ఏం చేస్తారు?" అని అడిగారు. మా దగ్గర జవాబు లేదు. మరుసటి సమావేశానికి ఉంది.

ఇక నా తప్పు. ఉద్యోగంలో స్థిరపడ్డాక అదే శాఖ పిల్లలు నన్ను సలహాదారుగా ఉండమన్నారు. వాళ్లు ఒక పార్కులో నడకదారి వేద్దామనుకున్నారు. నాలో ఇంజనీరు ఊరుకుంటాడా! కొలతలు తీశాను, డ్రాయింగు గీశాను, పని పంచాను. మొదటి శనివారం ఇరవై మంది వచ్చారు. రెండో శనివారం ముగ్గురే. ఒక కుర్రాణ్ణి అడిగితే, "ఇప్పుడిది మీ పని కదా, మేం కూలీలమే" అన్నాడు. కోపంగా అనలేదు. అందుకే ఎక్కువ గుచ్చుకుంది. ఆ డ్రాయింగు పక్కన పెట్టి, మిగతా దారి వాళ్లకే వదిలేశాను. అది కాస్త వంకరగా వచ్చింది. కానీ అందరూ వచ్చి వేశారు.

ఆరోజు నాకు మన లెక్కల మాస్టారు గుర్తొచ్చారు. 1984లో, మేం తొమ్మిదో తరగతిలో ఉండగా, ఈ ఆవరణలో మొక్కలు నాటాం. గుంతలు ఎక్కడ తవ్వాలో ఆయన చెప్పలేదు. బావి దగ్గర నిలబడి నీళ్లు తోడి ఇచ్చారు. చీకటి పడ్డాక చిన్నపిల్లల్ని ఇళ్ల దాకా దిగబెట్టారు. సలహాదారు అంటే ఎవరో పద్నాలుగేళ్లకే చూశాను. అర్థం కావడానికే అంతకాలం పట్టింది.

అందుకని సంఘం పెద్దలకు నా మనవి. మనమే పేర్లు రాసి పిల్లలకు ఇవ్వవద్దు. బ్యానరు మీద ఫొటోలు అసలే వద్దు. ఈ సభలో తిరిగి, ఎవరు కావాలో పిల్లలనే చూసుకోనివ్వండి. ఒకరు ఇక్కడి ఉపాధ్యాయులు, ఒకరు ఈ ఊళ్లోనే ఉన్న పూర్వ విద్యార్థి అయితే మేలు. నాబోటి దూరపు వాళ్లం ఫోనుకే పనికొస్తాం. పిల్లలతో పని అన్నాక ఎప్పుడూ ఇద్దరు పెద్దలు కలిసి ఉండాలన్న నియమం మొదటిరోజే పెట్టుకోండి.

పిల్లలూ, మొహమాటపడకుండా అడగండి. ఏం కావాలో, ఎంతకాలం కావాలో స్పష్టంగా చెప్పండి. ఎవరైనా కుదరదంటే చిన్నబుచ్చుకోకండి. ఇష్టం లేకుండా ఒప్పుకున్నవారి కంటే వారే నయం.

మిత్రులారా, భోజనాల దగ్గర మీ పక్కకు ఒక పిల్లో పిల్లాడో కాగితం పట్టుకుని వస్తే, దయచేసి విస్తరి ముందు నుంచి లేవకుండా, వాళ్లు చెప్పేది పూర్తిగా వినండి.

సెలవు.