సీఎఫ్‌డీ నేర్చుకునే ముందు ఏం కొనాలి, ఏం కొనొద్దు

 

మాది సైట్ పని. కంప్యూటర్ గురించి వీళ్లేం చెప్తారని మీరనుకోవచ్చు. ఒక సెల్లార్ పార్కింగ్ పనిలో, పొగ లాగే ఫ్యాన్‌కు పైపులు అడ్డొచ్చాయి. ఆరడుగులు పక్కకు జరుపుతామన్నాం. కుదరదు, సీఎఫ్‌డీ మళ్లీ చెయ్యాలన్నారు. అంటే గాలి, పొగ, నీళ్లు ఎటు పోతాయో కంప్యూటర్‌లో లెక్కగట్టి చూడటం. రిపోర్టులో రంగుల బొమ్మలున్నాయి గానీ మాకు ఒక్కటీ అర్థం కాలేదు. సిగ్గేసింది. రూమ్‌లో ముగ్గురం కలిసి నేర్చుకుందాం అనుకున్నాం.

తొందరపడ్డాం. పెద్ద గ్రాఫిక్స్ కార్డు లేకపోతే పని జరగదని ఎవరో అంటే, క్రెడిట్ కార్డు మీద 1,800 డాలర్ల గేమింగ్ ల్యాప్‌టాప్ తీసుకున్నాం. సంక్రాంతికి ఇంటికి పంపాల్సిన డబ్బు వడ్డీతో సహా దానికే పోయింది. తీరా చూస్తే, మేం వాడిన సాఫ్ట్‌వేర్ లెక్కంతా ప్రాసెసర్ మీదే చేస్తుంది. కార్డు ఊరికే కూర్చుంది. పైగా లెక్క కాసేపు నడిచేసరికి ల్యాప్‌టాప్ వేడెక్కి, వేగం తానే తగ్గించుకునేది.

అసలు లెక్క ఇదీ. గదిని చిన్న చిన్న గడులుగా కొయ్యాలి. 5 మీటర్ల పొడవు, 4 వెడల్పు, 3 ఎత్తు ఉన్న గదికి 10 సెంటీమీటర్ల గడులు పెడితే 60,000 గడులు. గడి సైజు సగం చేస్తే 4,80,000. కాలాన్ని కూడా అంతే చిన్న ముక్కలు చెయ్యాలి కాబట్టి పని ఇంచుమించు 16 రెట్లు. గంటలో అయ్యేది రాత్రంతా పడుతుంది. అందుకే ముందు పెద్ద గడులతో చిన్న గది చెయ్యండి. దానికి 16 జీబీ ర్యామ్ చాలు, 32 ఉంటే హాయి. 32 కొంటే ఒకే ముక్క కాకుండా 16వి రెండు వెయ్యండి. మేస్త్రీలు ఎనిమిది మంది ఉండి మాలు అందించే కూలీ ఒక్కడే అయితే గోడ లేస్తుందా? ప్రాసెసర్‌కూ అంతే. మేం ఇప్పుడు వాడేది ఏదో ఆఫీసు తీసేసిన పాత వర్క్‌స్టేషన్, 350 డాలర్లు. బరువెక్కువ, మోత ఎక్కువ, కానీ రాత్రంతా ఆగకుండా నడుస్తుంది. ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాళ్లు అదీ కొనక్కర్లేదు.

సాఫ్ట్‌వేర్‌కు పైసా పెట్టొద్దు. బిల్డింగ్ పనివాళ్లకు మేం చెప్పేది ఎఫ్‌డీఎస్, అంటే ఫైర్ డైనమిక్స్ సిమ్యులేటర్. మేరీల్యాండ్‌లో ఉన్న ప్రభుత్వ సంస్థ నిస్ట్ దాన్ని 2000లో బయటపెట్టింది. ఉచితం. ఫలితం బొమ్మగా చూపే స్మోక్‌వ్యూ దాంతోనే వస్తుంది. 2003లో రోడ్ ఐలాండ్‌లో స్టేషన్ నైట్‌క్లబ్ కాలి 100 మంది చనిపోయినప్పుడు, మంట, పొగ ఎలా వ్యాపించాయో నిస్ట్ వాళ్లు దీంతోనే లెక్కగట్టి చూశారు. వాడటం మన బార్ బెండింగ్ షెడ్యూల్ రాసినట్టే: గోడకో లైను, తలుపుకో లైను. ఒక్క జాగ్రత్త, అది మీటర్లే తీసుకుంటుంది. మేం 12 అడుగుల పడకగదికి 12 అని కొట్టాం. అది కల్యాణమండపమై కూర్చుంది!

పైపుల్లో నీళ్లు, బిల్డింగ్ మీద గాలి చూడాలంటే ఓపెన్‌ఫోమ్ ఉంది. 2004 నుంచి అందరికీ ఉచితం. లినక్స్ కొంచెం రావాలి. బొమ్మలకు ప్యారావ్యూ, అదీ ఉచితమే. మౌస్‌తో నొక్కి నేర్చుకుందామనుకుంటే యాన్సిస్ స్టూడెంట్ వెర్షన్ ఉంది. దాంట్లో గడులకు పరిమితి ఉంది, దాంతో డబ్బు తీసుకునే పని చెయ్యకూడదు. క్రాక్ చేసిన కాపీ ఎవరిచ్చినా ముట్టుకోవద్దు. కంపెనీ లైసెన్సుతో ఇంట్లో నేర్చుకోవాలంటే ముందు అడగండి. హెచ్-1బి మీద ఉన్నవాళ్లు, నేర్చుకున్నాం కదా అని పక్కన ఇంకొకరికి డబ్బుకు చేసిపెట్టొద్దు. స్టేటస్‌కే ఎసరు.

వెనకున్న లెక్కలు కావాలనే తమ్ముళ్లకు, టెక్సస్ ఎ అండ్ ఎమ్‌లో ప్రొఫెసర్ జె.ఎన్. రెడ్డి గారు, మన వరంగల్ ఆయనే, గార్ట్‌లింగ్‌తో కలిసి రాసిన పుస్తకం ఉంది. కాలిక్యులస్ వస్తేనే తెరవండి. మేం మూడో పేజీలో ఆగాం. కొనొద్దు, లైబ్రరీలో అడిగితే తెప్పిస్తారు.

మా పాత మెషిన్ హాలు వెనక టేబుల్ మీద పెట్టాం. అదే సెల్లార్, ఫ్యాన్ ఆరడుగులు జరిపితే ఏమవుతుందో నడుస్తోంది. భోజనాలయ్యేసరికి అయిపోవాలి. వచ్చి చూడండి.