అధ్యాపకుని పక్షాన జోలె పట్టిన విశ్వవిద్యాలయం

(కోల్‌కతాలో కళాశాల అధ్యాపకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పరిశోధనకు నిధులు సంపాదించడం ఎట్లా అన్న విషయంపై మాట్లాడవలసిందిగా నన్ను కోరారు. ఆ విద్య నేర్పేవారు ఈ రోజులలో చాలామందే ఉన్నారు. నన్ను చాలాకాలంగా వేధిస్తున్న ప్రశ్న వేరు. నిధులు అడగడం అధ్యాపకుని పనా, లేక అతడు పనిచేసే విశ్వవిద్యాలయం పనా? ఈ ప్రశ్న వేయడానికి ఇంతకన్న తగిన నగరం లేదు. నూరేళ్ళకు పూర్వం ఇక్కడే ఒక విశ్వవిద్యాలయం తన అధ్యాపకుల పక్షాన తానే జోలె పట్టింది. జోలెలో పడే సొమ్ముకు తగిలించిన షరతులను కూడా పరిశీలించింది.

1857లో స్థాపితమైన కలకత్తా విశ్వవిద్యాలయం తొలి యాభై సంవత్సరాలు ప్రధానంగా పరీక్షలు జరిపి పట్టాలిచ్చే సంస్థగానే ఉండేది. 1904 నాటి చట్టం ఆచార్యులను నియమించుకొని బోధన, పరిశోధన జరుపుకొనే అవకాశం కల్పించింది. అవకాశమైతే వచ్చింది గాని దానితో పాటు ధనం రాలేదు. 1906లో వైస్ ఛాన్సలర్ పదవి చేపట్టిన సర్ ఆశుతోష్ ముఖర్జీ హైకోర్టు న్యాయమూర్తి. అంతకు మునుపు ఆయన గణితశాస్త్రంలో పరిశోధనా వ్యాసాలు ప్రకటించిన యువకుడు. ఆ యువకునికి పరిశోధక పదవి కల్పించడానికి విశ్వవిద్యాలయం వద్ద సొమ్ము లేకపోయింది. ఆయన న్యాయవాద వృత్తిలోకి వెళ్ళిపోయారు. తాను పోగొట్టుకున్నది ఇతరులు పోగొట్టుకోరాదన్న పట్టుదల ఆయన పనులన్నిటి వెనుక ఉన్నదని నా అభిప్రాయం.

1912లో సర్ తారకనాథ్ పాలిత్ తన ధనాన్ని, భూమిని విశ్వవిద్యాలయానికి ధారపోశారు. వాటి విలువ సుమారు 15 లక్షల రూపాయలు. మరుసటి సంవత్సరం సర్ రాస్‌బిహారీ ఘోష్ 10 లక్షలు ఇచ్చారు. ఇద్దరూ న్యాయవాదులే. కక్షిదారుల వద్ద ఫీజులుగా పుచ్చుకున్న సొమ్ము ఈ విధంగా భౌతిక, రసాయన శాస్త్రాల పాలయింది! ఆ విరాళాల బలంతోనే 1914 మార్చి 27న విజ్ఞానశాస్త్ర కళాశాలకు శంకుస్థాపన జరిగింది. ఇటువంటి దానాలకు బాట వేసినవాడు మాత్రం వంగదేశీయుడు కాడు. 1866లోనే బొంబాయి వర్తకుడు ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ ఈ విశ్వవిద్యాలయానికి రెండు లక్షల రూపాయలు ఇచ్చి ఉన్నారు. ఆయన పేరిట ఏర్పడిన విద్యార్థి వేతనాన్ని యౌవనంలో ఆశుతోష్ పొందారు. 1919లో మేఘనాథ్ సాహా పొందారు.

పాలిత్ దానపత్రంలోని షరతులను కొంచెం నిదానంగా చూడాలి. ఆచార్య పదవులలో భారతీయులనే నియమించాలన్నది ఒక షరతు. ఆ కాలంలో అది సామాన్యమైన సాహసం కాదు. విదేశాలలో శిక్షణ పొంది ఉండాలన్నది మరొకటి. భౌతికశాస్త్ర పీఠానికి ఆశుతోష్ ఎంచుకున్న వ్యక్తి ఏ విదేశంలోను చదవలేదు. అసలు ఆయన అధ్యాపకుడే కాడు. ప్రభుత్వ ఆర్థికశాఖలో పెద్ద ఉద్యోగి. ఆయనే చంద్రశేఖర వేంకట రామన్. 1907 నుంచి కార్యాలయం వేళలకు ముందు, తరువాత బౌబజార్ వీధిలోని విజ్ఞాన పరిషత్తులో పరిశోధనలు జరుపుతుండేవారు. ఆ పరిషత్తును 1876లో డాక్టర్ మహేంద్రలాల్ సర్కార్ చందాలు పోగుచేసి నెలకొల్పారు. శిక్షణ నిమిత్తం విదేశాలకు వెళ్ళడానికి రామన్ ఒప్పుకోలేదు. అప్పుడు విశ్వవిద్యాలయం ఏమి చేసింది? అభ్యర్థిని మార్చలేదు, షరతును సడలించింది. 1917లో రామన్ ఎక్కువ జీతాన్ని వదులుకొని తక్కువ జీతానికి పాలిత్ ఆచార్యులుగా చేరారు. ఆయన ముఖ్య కర్తవ్యం పరిశోధన. పాఠాలు చెప్పి తీరాలన్న నిర్బంధం లేదు. అయినా ఆయన ఇష్టపడి పాఠాలు చెప్పారు. బౌబజార్ ప్రయోగశాలలో 1928 ఫిబ్రవరి 28న ఆయన కనుగొన్నదేమిటో మీ విద్యార్థులకు కూడా తెలుసు.

తెలుగువాడిని కనుక ఒక ముచ్చట చెప్పక ఉండలేను. 1921లో ఆశుతోష్ మైసూరు నుంచి సర్వేపల్లి రాధాకృష్ణన్‌ను తత్త్వశాస్త్ర పీఠానికి పిలిపించారు. 1926లో విశ్వవిద్యాలయం ఆయనను తన ప్రతినిధిగా విదేశాలకు పంపింది. ఆ యాత్రలోనే ఆయన ఆక్స్‌ఫర్డ్‌లో ఉపన్యాసాలిచ్చి, హార్వర్డ్‌లో అంతర్జాతీయ తత్త్వశాస్త్ర మహాసభలో పాల్గొన్నారు. ఒక అధ్యాపకునికి సెలవు, దారిఖర్చు, ప్రతినిధి హోదా ఇచ్చినంత మాత్రాన దేశానికి ఎంత లాభం కలిగిందో లెక్క కట్టగలమా? 1931లో ఆంధ్ర విశ్వవిద్యాలయ ఉపాధ్యక్షులై వాల్తేరు చేరినప్పుడు ఈ కలకత్తా అనుభవం ఆయనతో వెళ్ళింది. 1928లో ఇక్కడ రామన్ వద్ద చేరిన సూరి భగవంతం అక్కడ భౌతికశాస్త్రానికి పునాదులు వేసినవారిలో ఒకరయ్యారు.

వాల్తేరు నుంచి ఇటు వచ్చినవారి కథ ఇంకొక విధంగా ఉన్నది. కల్యంపూడి రాధాకృష్ణారావు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితంలో ఎం.ఏ. పూర్తిచేశారు. దరఖాస్తు ఆలస్యంగా అందినదన్న కారణంతో ఒక పరిశోధక వేతనం ఆయనకు తప్పిపోయింది. వేరే ఉద్యోగం వెదుకుతూ కలకత్తా వచ్చి, మహలనోబిస్ 1931లో స్థాపించిన గణాంకశాస్త్ర సంస్థను గురించి విని, 1941 జనవరిలో అక్కడ శిక్షణకు చేరారు. కొద్దికాలానికే కలకత్తా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పసాగారు. ఒకనాడు తరగతిలో వి.ఎం. దండేకర్ అనే విద్యార్థి, పెద్ద నమూనాలకు వర్తించే ఫలితం చిన్న నమూనాలకు కూడా వర్తిస్తుందా అని అడిగాడు. ఆ ప్రశ్నకు సమాధానం వెదుకుతూ పుట్టినదే 1945లో కలకత్తా గణిత సంఘ పత్రికలో వెలువడిన ప్రసిద్ధ వ్యాసం. అంచనాలకు సాధ్యమయ్యే ఖచ్చితత్వానికి హద్దును నిర్ణయించే ఆ సూత్రం నేడు క్రామర్-రావు అసమానత అన్న పేరుతో లోకమంతటా పాఠ్యాంశం. 2023లో రావుగారికి గణాంకశాస్త్రంలో అంతర్జాతీయ బహుమతి లభించింది. ఆ ఏడే ఆయన కన్నుమూశారు. గడువు దాటిందని తిరిగివచ్చిన ఆ కాగితం నాకు తరచు జ్ఞాపకం వస్తుంటుంది. గడువు దాటి దరఖాస్తు పంపిన ప్రతి యువకునికి కలకత్తా రైలు దొరకదు గదా!

అయితే కలకత్తా కథ అంతా శుభప్రదమేనని నేను చెప్పబోవడం లేదు. ఆశుతోష్ పెంచిన స్నాతకోత్తర శాఖలు విశ్వవిద్యాలయం తాహతును మించిపోయాయి, లోటు ఏర్పడింది. 1922లో వంగ ప్రభుత్వం రెండున్నర లక్షల రూపాయలు ఇవ్వజూపుతూ షరతులు పెట్టింది. ఆ సొమ్ము పుచ్చుకుంటే విశ్వవిద్యాలయ స్వాతంత్ర్యం పోతుందని ఆశుతోష్ సెనేట్‌లో గర్జించి దానిని తిరస్కరింపజేశారు. ఆ ధీరత్వాన్ని మనం పొగుడుతాము, పొగడవలసిందే. కాని ఖజానా ఖాళీగా ఉన్నప్పుడు ఆ ఇబ్బంది అనుభవించేది అధ్యాపకుల ఇళ్ళు. దాత షరతును సడలించుకోవడం, పాలకుని షరతును ఎదిరించడం, రెండూ విశ్వవిద్యాలయం భుజాన వేసుకోవలసిన పనులే. ఒంటరి అధ్యాపకుడు వీటిలో ఏ ఒక్కటీ చేయలేడు.

సెలవు సంగతి కూడా ఒకటి చెప్పాలి. ఈ విజ్ఞానశాస్త్ర కళాశాలలోనే 1916లో ఉద్యోగం ప్రారంభించిన సత్యేంద్రనాథ్ బోస్ తరువాత ఢాకాకు వెళ్ళారు. 1924లో ఆయన వ్యాసాన్ని మెచ్చుకుంటూ ఐన్‌స్టీన్ రాసిన కార్డును చూపిన మీదట రెండేళ్ళ అధ్యయన సెలవు మంజూరైంది. మనలో ఎందరికి ఐన్‌స్టీన్ కార్డు వస్తుంది?

ఇక నేటి మాట. 1956 నాటి చట్టంతో విశ్వవిద్యాలయ నిధుల సంఘానికి చట్టబద్ధత కలిగింది. పరిశోధనకు నిధులిచ్చే సంస్థలు తరువాత అనేకం వచ్చాయి. 2023 చట్టంతో అనుసంధాన్ జాతీయ పరిశోధన సంస్థ ఏర్పడింది. అధ్యాపకుల శిక్షణకు 1980వ దశకంలో అకడమిక్ స్టాఫ్ కళాశాలలు వెలిశాయి. వాటి పేర్లు ఇప్పటికి రెండుసార్లు మారాయి. శిక్షణ ముగించుకొని తన కళాశాలకు తిరిగివచ్చిన అధ్యాపకునికి మాత్రం వారానికి అవే తరగతులు, అవే జవాబుపత్రాల కట్టలు.

నా మిత్రుడొకరు చిన్న పట్టణంలో జంతుశాస్త్రం బోధించేవారు. ఆయన కోరిన పరిశోధన నిధి మార్చి మూడవ వారంలో చేతికి వచ్చింది, నెలాఖరులోగా ఖర్చు చేయాలన్న ఉత్తర్వుతో సహా. సూక్ష్మదర్శిని పది రోజులలో రాదు, బీరువాలు వస్తాయి. ఆయన బీరువాలు కొన్నారు. వినియోగ ధ్రువపత్రం సక్రమంగా సమర్పించారు. అటుపిమ్మట మళ్ళీ దరఖాస్తు పెట్టలేదు. ఆ కళాశాలలో లెక్కలు తెలిసిన గుమాస్తా ఒకడు ఉండి, గడువు పొడిగించమని సకాలంలో ఒక ఉత్తరం రాసి ఉన్నట్లయితే ఆయన జీవితం వేరుగా ఉండేదని నా నమ్మకం.

అందువల్ల నేను కోరేది పెద్ద భవనాలు కాదు. ప్రతి విశ్వవిద్యాలయంలో ఒక గది ఉండాలి. ఏ నిధికి ఏ గడువో, ఏ పద్దు కింద ఏమి కొనవచ్చునో తెలిసిన మనిషి అక్కడ కూర్చోవాలి. అనుబంధ కళాశాలల వారికి కూడా ఆ తలుపు తెరిచి ఉండాలి. పరిశోధన చేపట్టిన వారికి వారానికి రెండు మూడు తరగతులు తగ్గించాలి. నిధులు పొందిన అనుభవం ఉన్న పెద్దలు చిన్నవారి దరఖాస్తు చిత్తుప్రతిని చదివి దిద్దిపెట్టాలి. ఈ చివరి పనికి ఏ ఉత్తర్వూ అక్కరలేదు. మీలో ఎవరి సంచిలోనైనా సగం రాసిన దరఖాస్తు ఉంటే భోజనానంతరం తీసుకురండి. సాయంకాలం వరకు నేను ఇక్కడే ఉంటాను.