డిసెంబరు 18ని కూడా గుర్తుంచుకుందాం

(అమరావతిలో జరిగిన పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 మనకెందుకు పండుగో ఇక్కడున్న అందరికీ తెలుసు. 1982లో ఆ రోజున నకారా కేసులో సుప్రీం కోర్టు తీర్పు చెప్పింది. పెన్షన్ అనేది ప్రభుత్వం దయతలచి విదిల్చేది కాదు, చేసిన సేవకు ప్రతిగా మనం సంపాదించుకున్న హక్కు అని తేల్చింది. ఏటా ఈ తీర్పును తలుచుకుంటున్నాం. అయితే ఆ మర్నాటి తేదీ, అనగా డిసెంబరు 18, కూడా మనం తలుచుకోదగినదే. ఆ తేదీన, ముప్ఫై నాలుగేళ్ల తేడాతో, రెండు తీర్పులు వచ్చాయి. మన ఇంట్లోకి, మన ఉత్తరంలోకి, మన ఫోనులోకి ప్రభుత్వం ఎంతవరకు తొంగిచూడవచ్చు అన్నదే ఆ రెంటిలోనూ ప్రశ్న.

మొదటిది 1962 నాటిది. ఉత్తరప్రదేశ్‌లో ఖరక్ సింగ్ అనే ఆయన మీద 1941లో దోపిడీ కేసు పెట్టారు. సాక్ష్యం లేక విడిచిపెట్టారు. అయినా పోలీసులు ఆయన పేర చరిత్ర పత్రం తెరిచారు. ఇంటి మీద నిఘా పెట్టారు. అర్ధరాత్రి చౌకీదారు వచ్చి తలుపు తట్టి, నిద్రలేపి, ఉన్నాడో లేడో చూసి పోయేవాడు. ఈ కేసు ఆరుగురు న్యాయమూర్తుల ముందుకు వచ్చింది. రాత్రివేళ ఇంటికి వెళ్లి లేపడం చెల్లదని కోర్టు కొట్టివేసింది గాని, తక్కిన నిఘాను మాత్రం సమర్థించింది. గోప్యత అనే హక్కు మన రాజ్యాంగంలో లేదన్నది మెజారిటీ అభిప్రాయం.

అందుకు ఒప్పుకోనివారు ఇద్దరు. ఆ భిన్నాభిప్రాయం రాసిన న్యాయమూర్తి కోకా సుబ్బారావుగారు. ఆయన రాజమహేంద్రవరంలో పుట్టినవారు. 1954లో మన గుంటూరులో ఆంధ్ర హైకోర్టు నెలకొన్నప్పుడు దానికి మొదటి ప్రధాన న్యాయమూర్తి. తరవాత దేశానికే ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. కాళ్లకు సంకెళ్లు లేనంతమాత్రాన మనిషి స్వేచ్ఛగా ఉన్నట్టు కాదనీ, అడుగడుగునా ఎవరో గమనిస్తున్నారన్న శంక మనసుకు పడిన సంకెలేననీ, గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో విడదీయరాని భాగమనీ ఆయన వాదం. ఆ రోజుకది ఓడిపోయిన మాట. అది గెలవడానికి 55 ఏళ్లు పట్టింది. ఆ సంగతికి మళ్లీ వస్తాను.

రెండవ తీర్పు 1996 డిసెంబరు 18 నాటిది. ఇది ఫోన్ ట్యాపింగుకు సంబంధించినది. దీనికి కొంత పూర్వకథ ఉంది.

నేను తంతి తపాలా శాఖలో పనిచేసినవాణ్ణి. ట్రంకు కాల్ బుక్ చేసి గంటల తరబడి కూర్చున్న రోజులు మీ అందరికీ గుర్తే. ఆపరేటరు తలుచుకుంటే ఆ మాటలు వినగలడు. ఇక టెలిగ్రాం సంగతి సరేసరి. తంతి కొట్టినవాడికీ, రాసుకున్నవాడికీ, కొన్నిసార్లు బట్వాడా చేసినవాడికీ విషయం తెలిసేది. ఎవరింట్లో చావు, ఎవరింట్లో పురుడు అన్నీ మా చేతుల మీదుగానే పోయేవి. అయినా జనం నమ్మి పంపారు. ఎందుకంటే విన్నది బయటపెట్టకూడదన్నది మా ఉద్యోగ ధర్మం. తప్పితే మూడేళ్ల దాకా జైలు అని 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టం 26వ సెక్షనే చెప్పేది. అదే చట్టం 5వ సెక్షను మాత్రం ప్రభుత్వానికి తలుపు తెరిచి ఉంచింది. ప్రజా అత్యవసర పరిస్థితి గాని, ప్రజా భద్రత గాని కారణంగా చూపి సమాచారాన్ని అడ్డగించే అధికారం ఇచ్చింది. తెల్లదొర తన అవసరానికి రాసుకున్న చట్టం ఇది. దొర వెళ్లిపోయాడు, చట్టం ఉండిపోయింది.

స్వతంత్రం వచ్చాక దాన్ని ఎలా వాడారో చూడండి. 1988లో కర్ణాటక ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే ఫోన్ ట్యాపింగు ఆరోపణల మీదనే పదవి వదులుకోవలసి వచ్చింది. రాజకీయ నాయకుల ఫోన్ల ట్యాపింగు మీద సి.బి.ఐ. ఇచ్చిన నివేదిక వివరాలు 1991లో ఒక పత్రికలో వెలువడ్డాయి. వాటిని పట్టుకుని పౌరహక్కుల సంస్థ పి.యు.సి.ఎల్. సుప్రీం కోర్టుకెక్కింది. ఇంట్లో గాని, ఆఫీసులో గాని ఫోనులో మాట్లాడుకోవడం గోప్యత హక్కు కిందికి వస్తుందని కోర్టు చెప్పింది. ఎవరు పడితే వారు వినడానికి వీల్లేదు, కేంద్రంలో గాని రాష్ట్రంలో గాని హోం కార్యదర్శి ఉత్తర్వు ఉండాలి. ఆ ఉత్తర్వు రెండు నెలలే చెల్లుతుంది, పొడిగించినా మొత్తం ఆరు నెలలు దాటరాదు. ఉన్నతాధికారుల సమీక్షా కమిటీ ఒకటి దాన్ని పరిశీలించాలి. 2007లో ఇవే నిబంధనలకెక్కాయి. 2023లో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చాక, 2024 డిసెంబరులో చేసిన కొత్త నిబంధనల్లోనూ ఈ చట్రమే ఉంది.

కాగితం మీద బాగానే ఉంది. ఆచరణ చూద్దాం. జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ 2018లో ఇచ్చిన నివేదికలో ఒక లెక్క ఉంది. రెండు నెలలకొకసారి కూర్చునే సమీక్షా కమిటీ ఒక్కో సమావేశంలో 15,000 నుంచి 18,000 దాకా ఉత్తర్వులు పరిశీలించవలసి వస్తున్నదట. మనమంతా ఫైళ్లు చూసినవాళ్లమే. ఆ అధికారులు పది గంటలు కుర్చీ కదలకుండా కూర్చున్నా ఒక్కో ఉత్తర్వుకు దక్కేది రెండు, రెండున్నర సెకన్లు. ఆ వ్యవధిలో సంతకం పెట్టవచ్చునేమో గాని, చదవడం సాధ్యం కాదు. పైగా ఉత్తర్వు ఇచ్చేవారూ అధికారులే, సమీక్షించేవారూ అధికారులే. న్యాయమూర్తి ప్రమేయం ఎక్కడా లేదు. ఎవరి మాటలు విన్నారో ఆ మనిషికి ఎన్నటికీ తెలియదు. తెలియనివాడు అప్పీలు ఎలా చేసుకుంటాడు?

మన తెలుగు రాష్ట్రాల సంగతి వేరే చెప్పాలా? 2015 జూన్‌లో తమ ముఖ్యమంత్రి ఫోను ట్యాప్ చేశారని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తెలంగాణ ప్రభుత్వం మీద ఆరోపణ చేసింది. 2024 మార్చిలో హైదరాబాదు పంజాగుట్ట పోలీసు స్టేషనులో నమోదైన కేసు మరీ పెద్దది. మావోయిస్టుల కదలికలు కనిపెట్టడానికి ఏర్పాటైన పోలీసు విభాగాన్ని రాజకీయ నాయకుల మీద, వ్యాపారుల మీద, విలేకరుల మీద, చివరకు న్యాయమూర్తుల మీద నిఘాకు వాడారన్నది ఆరోపణ. 2023 డిసెంబరులో ఎన్నికల ఫలితాలు వచ్చిన మర్నాటి రాత్రి హార్డ్ డిస్కులు ధ్వంసం చేశారన్నది మరో ఆరోపణ. ఇందులో ఎవరు దోషులన్నది తేల్చవలసింది న్యాయస్థానం, మనం కాదు. కాని ఒక పాఠం మాత్రం ఇప్పుడే నేర్చుకోవచ్చు. ఆ కేసు బయటికి వచ్చింది ప్రభుత్వం మారిన తరవాత. సమీక్షా కమిటీ పట్టుకోలేదు. కంచె చేను మేస్తున్నదో లేదో చూడవలసినవాడు కంచెకు చుట్టమైతే ఇలాగే ఉంటుంది.

"తప్పు చేయనివాడికి భయమెందుకండీ?" అని మన మిత్రుల్లోనే కొందరంటారు. ఇది తేలిగ్గా తీసిపారేయవలసిన మాట కాదు. 2007లో లుంబినీ పార్కు, గోకుల్ చాట్ పేలుళ్లు, 2013లో దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్లు మనం చూశాం. పల్నాడులో కక్షలు ఎన్ని కుటుంబాలను ఆర్పాయో నాకంటే మీకే ఎక్కువ తెలుసు. ముందుగా సమాచారం అందితే ఒక ప్రాణం నిలుస్తుందంటే పోలీసులు వినవలసిందే. నేను కాదనను.

కాని ఒక్క సంగతి ఆలోచించండి. మనం ఇంటికి తలుపు వేసుకునేది లోపల దొంగతనం చేస్తున్నందుకు కాదు. భార్యాభర్తలు మెల్లగా మాట్లాడుకునేది కుట్ర పన్నుతున్నందుకు కాదు. మాట వినడం అలా ఉంచి, ఎవరికి ఎప్పుడు ఫోను చేశామన్న జాబితా చాలు. పొద్దున గుండె డాక్టరుకు, మధ్యాహ్నం వకీలుకు, సాయంత్రం దూరమైన కూతురికి చేశామంటే మన కష్టమంతా ఆ మూడు నంబర్లలోనే ఉంది. "ఇంటి గుట్టు పెరుమాళ్లకెరుక" అన్నారు మన పెద్దలు. పెరుమాళ్లతో పాటు హోం శాఖకు కూడా ఎరుక కావాలని వారనలేదు!

మరొకటి. డి.ఎ. బకాయిల కోసం, పి.ఆర్.సి. కోసం ధర్నా చేద్దామని మన కార్యదర్శిగారు ఫోను చేస్తే, "ఇప్పుడు ఫోనులో వద్దండీ, కలిసినప్పుడు మాట్లాడుకుందాం" అనే రోజు వస్తే ఏమవుతుంది? ఏ ఫోనూ ట్యాప్ కాకపోయినా సంఘం సగం చచ్చిపోయినట్టే. సుబ్బారావుగారు చెప్పిన మనసు సంకెల అంటే ఇదే.

ఫోను ఒక్కటే కాదు. 1986లో పార్లమెంటు ఉభయ సభలూ తపాలా చట్ట సవరణ బిల్లు ఆమోదించాయి. ఉత్తరాలు అడ్డగించి తెరిచే అధికారాన్ని అది విస్తరించింది. రాష్ట్రపతి జ్ఞానీ జైల్ సింగ్ దానిపై సంతకం పెట్టలేదు. అది చట్టం కాలేదు. కాని 2023లో వచ్చిన కొత్త పోస్టాఫీసు చట్టం 9వ సెక్షను ఉత్తరాలను, పార్సిళ్లను అడ్డగించి తెరిచే అధికారాన్ని మళ్లీ ఇచ్చింది. అది 2024 జూన్ నుంచి అమలులో ఉంది.

బ్యాంకు కాగితాల విషయంలో మాత్రం మన రాష్ట్రం కేసే దేశానికి దారి చూపింది. స్టాంపు చట్టానికి 1986లో ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ, కలెక్టరు అనుమతి ఇచ్చిన ఏ మనిషైనా వెళ్లి దస్తావేజులు తనిఖీ చేసి తీసుకుపోవచ్చునంది. కెనరా బ్యాంకు కేసులో మన హైకోర్టు దాన్ని కొట్టివేయగా, 2004లో సుప్రీం కోర్టు సమర్థించింది. గోప్యత మనిషికి సంబంధించినది గాని చోటుకు సంబంధించినది కాదు, బ్యాంకులో దాచుకున్నంతమాత్రాన కాగితం మీద హక్కు పోదు అని చెప్పింది.

ఇక ఓడిన మాట గెలిచిన కథ. 2012లో ఒక పెద్దమనిషి ఆధార్‌ను సవాలు చేస్తూ సుప్రీం కోర్టుకు వెళ్లారు. అప్పటికి ఆయన వయసు 86. కర్ణాటక హైకోర్టులో న్యాయమూర్తిగా చేసి రిటైరైన జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామి. మనకు కొత్తవారేమీ కాదు. మన రాష్ట్ర పరిపాలనా ట్రిబ్యునలుకు, తరవాత బి.సి. కమిషనుకు అధ్యక్షులుగా చేశారు. ఆ కేసులో గోప్యత అసలు హక్కే కాదని ప్రభుత్వం వాదించింది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా అది ప్రాథమిక హక్కేనన్నారు. ఖరక్ సింగ్ కేసులో సుబ్బారావుగారి అభిప్రాయమే సరైనదని తేల్చారు. ప్రభుత్వం ఈ హక్కును తగ్గించాలంటే చట్టం ఉండాలి, న్యాయమైన అవసరం ఉండాలి, చర్య ఆ అవసరానికి మించరాదు. పుట్టస్వామిగారు 98 ఏళ్లు బతికి 2024లో కన్నుమూశారు. "రిటైరైనవాళ్లం, మనతో ఏమవుతుంది?" అనుకునేవారికి ఆయన జీవితమే జవాబు.

అదే కేసులో 2018 సెప్టెంబరు 26న వచ్చిన ఆధార్ తీర్పులో మనకు సంబంధించిన వాక్యం ఒకటుంది. ప్రభుత్వోద్యోగి పెన్షన్ అతను సంపాదించుకున్నది కాబట్టి, అది ఆధార్ చట్టం 7వ సెక్షను కిందికి రాదు అని. డిజిటల్ జీవన్ ప్రమాణ్‌కు ఆధార్ ఐచ్ఛికమేనని 2021 మార్చిలో కేంద్రం కూడా ప్రకటించింది. సౌకర్యంగా ఉంటే వేలిముద్ర వేయండి, తప్పులేదు. వేలిముద్రలు అరిగి పడకపోతే మాత్రం "ఇంతే నా రాత" అని తిరిగి రాకండి. వేరే దారి చూపమని రాతపూర్వకంగా అడగండి.

ఈ విషయాలు తెలియకపోవడం వల్ల వచ్చే నష్టం కూడా చిన్నది కాదు. "మేము సి.బి.ఐ. నుంచి మాట్లాడుతున్నాం, మీ ఫోను నిఘాలో ఉంది, వీడియో ఆపవద్దు, ఎవరికీ చెప్పవద్దు" అని బెదిరించి, రిటైర్మెంటు డబ్బు ఊడ్చుకుపోయే దొంగలు బయలుదేరారు. డిజిటల్ అరెస్టు అనేది ఏ చట్టంలోనూ లేదు. నిజంగా మీ ఫోను వింటున్న ప్రభుత్వం ఆ సంగతి మీకు ఫోను చేసి చెప్పదు. ఈ ఒక్క ముక్క గుర్తుంటే చాలు, ఫోను పెట్టేసి 1930కి చేయగలుగుతారు. ఇంట్లో ఒంటరిగా ఉంటున్న కుటుంబ పెన్షనర్లకు దయచేసి ఈ మాట చేరవేయండి.

చివరగా, మన సంఘం తీర్మానం చేయదగినవి మూడు. ఒకటి, సమీక్షా కమిటీలో న్యాయమూర్తి ఉండాలి. రెండు, విచారణ ముగిసి ప్రమాదం లేదని తేలాక, విన్న సంగతి ఆ మనిషికి తెలియజేయాలి. మూడు, ఏడాదికి ఎన్ని ఉత్తర్వులు ఇచ్చారో, పేర్లు లేకుండా అంకెలైనా చట్టసభ ముందు పెట్టాలి. ఇవి గొంతెమ్మ కోరికలు కావు. మన పిల్లలు ఉద్యోగాలు చేస్తున్న అమెరికాలో నేర విచారణకు ఫోను వినాలంటే 1968 నుంచీ న్యాయమూర్తి ఉత్తర్వు కావాలి, తరవాత ఆ వ్యక్తికి తెలియపరచాలి, ఏటా లెక్క ప్రకటించాలి. అక్కడ కూడా దేశ భద్రత పేరిట జరిగిన అతిక్రమణలు 2013లో బయటపడ్డాయి. అయితే నిబంధన ఉన్నచోట దాన్ని మీరారని నిలదీయవచ్చు. లేనిచోట దేన్ని పట్టుకుని అడుగుతాం?

పెన్షన్ దయాధర్మం కాదని డిసెంబరు 17 చెప్పింది. మన మాట మన దగ్గర ఉండటం కూడా ఎవరి దయాధర్మమూ కాదని డిసెంబరు 18 చెబుతున్నది. మొదటిది సాధించుకున్నాం, నెలనెలా అందుకుంటున్నాం. రెండవది తీర్పుల్లో ఉంది గాని ఇంకా చేతికి అందలేదు. మనకు కాకపోయినా మనవళ్లకైనా అందాలి. ఈ తీర్మానాన్ని కార్యవర్గం ముందు పెట్టవలసిందిగా అధ్యక్షులవారిని కోరుతున్నాను.