పాలలో కంటికి కనబడని విషము – బంగారు రేణువుల పరీక్ష

(మహానందిలో పాల ఉత్పత్తిదారుల సంఘాల సభ్యుల శిక్షణ తరగతిలో సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠము)



మహానంది కోనేటి నీళ్లు ఎంత తేటగా ఉంటాయో మీకు నేను చెప్పనక్కరలేదు. అడుగున పడిన నాణెం పైనుంచి కనబడుతుంది. కాని ఆ నీళ్లలో కరిగిన ఉప్పు ఎంతో, సున్నము ఎంతో ఎంత తేరిపార చూచినా కంటికి తెలియదు. పాల సంగతి కూడా అంతే. నీళ్లు కలిస్తే లాక్టోమీటరు చెబుతుంది. వెన్న శాతము, ఎస్.ఎన్.ఎఫ్. యంత్రము చెబుతుంది. మీకు వచ్చే డబ్బు ఆ లెక్కమీదనే వస్తుంది. అయితే ఈ పరీక్షలకు చిక్కనిది ఒకటున్నది. బూజు పట్టిన బుడ్డల చెక్కనుంచి గేదె కడుపులోకి, అక్కడినుంచి పాలలోకి దిగే అఫ్లాటాక్సిన్ అనే విషము అది. దానిని పట్టే పరీక్ష బంగారంతో చేస్తారంటే మీకు వింతగా ఉండవచ్చు. అది ఎట్లాగో ఈ రోజు వివరిస్తాను.

ముందుగా ఒక లెక్క వినండి. 2018లో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ దేశమంతటా 6,432 పాల నమూనాలు పరీక్ష చేయించింది. ఆరోగ్యానికి హాని చేసే కల్తీ ఉన్నవి 12 మాత్రమే. పశువులకు వేసిన యాంటీబయాటిక్ మందులు హద్దు మించినవి 77. అఫ్లాటాక్సిన్ హద్దు మించినవి 368. అంటే మనం భయపడే కల్తీకంటే, మనకు తెలియకుండా దాణాద్వారా వచ్చే విషమే ఎక్కువ. ఇందులో ఎవరి దొంగతనమూ లేదు. ఉన్నదల్లా అజాగ్రత్తే.

ఈ విషము పుట్టేది ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అనే బూజునుంచి. 1960లో ఇంగ్లాండులో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు చచ్చిపోయినవి. కారణం వెదకగా వాటికి పెట్టిన వేరుశనగ పిండి అని తేలింది. మన రాయలసీమలో ఈ సంగతి ఇంకా ముఖ్యము. పైరు చివరి దశలో బెట్ట తగిలితే కాయ భూమిలో ఉండగానే ఈ బూజు పట్టే అవకాశం హెచ్చు. తరువాత తడిసిన కాయ, చెమ్మ తగిలిన చెక్క దానిని పెంచుతవి. అటువంటి చెక్క తిన్న పశువు పాలలోకి ఒక్క రోజు లోపుననే విషము వస్తుంది. పాలు కాచినా పోదు, తోడు పెట్టినా పోదు. ఇది కాలేయానికి హాని చేస్తుంది, క్యాన్సరుకు దారితీయగలదు. పాలు ఎక్కువగా తాగేది పసిపిల్లలే గనుక ఇది మన ఇంటి సంగతి కూడా.

మన దేశంలో హద్దు, కిలో పాలకు 0.5 మైక్రోగ్రాము. పదివేల లీటర్ల ట్యాంకరులో సుమారు 5 మిల్లీగ్రాములన్నమాట. అంటే ఒకటి రెండు ఆవగింజల బరువు. ఇంత కొంచెమును పట్టుకొనడానికే బంగారము కావలసి వచ్చింది.

బంగారము పసుపుపచ్చగా ఉంటుందని మనకు తెలుసు. దానినే మిల్లీమీటరులో యాభైవేలవ వంతు రేణువులుగా చేసి నీటిలో ఉంచితే, ఆ నీరు దానిమ్మ రసంలాగా ఎర్రగా ఉంటుంది. ఈ సంగతి మీద మైకేల్ ఫారడే 1857లోనే పరిశోధన ప్రకటించాడు. చేసే పద్ధతి 1951లో టర్కెవిచ్, ఆయన తోటివారు తేలిక చేశారు. బంగారు లవణము కలిపిన నీటిని మరిగించి, నిమ్మజాతి పండ్ల పులుపుకు సంబంధించిన సోడియం సిట్రేటు అనే ఉప్పు వేస్తారు. కొద్ది నిమిషాలలో నీరు ఎరుపెక్కుతుంది.

ఎరుపు ఎందుకంటే, లోహంలో ఎలక్ట్రానులనే సూక్ష్మకణాలు స్వేచ్ఛగా తిరుగుతుంటవి. వెలుగు తగలగానే, నడకకు బిందెలో నీళ్లు తొణికినట్లు, అవన్నీ కలిసి ఒక్క లయలో ఊగుతవి. ఈ ఊపునే ప్లాస్మాను అంటారు. ఆ లయ పచ్చని వెలుగుకు సరిపోతుంది. అందుచేత రేణువు పచ్చని వెలుగును మింగి, ఎరుపును వదలుతుంది. రేణువులు ఒకదానికొకటి దగ్గరైతే లయ మారి నీలిరంగు వస్తుంది. ఈ రంగుల ఆటే పరీక్షకు ఆధారము.

పాల పరీక్షకు వాడే కాగితపు పట్టీలు కొన్నింటిలో ఈ ఎర్ర రేణువులే ఉంటవి. అఫ్లాటాక్సిన్‌ను మాత్రమే పట్టుకొనే ప్రతిరక్షకాలను రేణువులకు అంటించి ఉంచుతారు. పట్టీమీద ఒకచోట అఫ్లాటాక్సిన్ గీత పూసి ఉంటుంది. పాలు మంచివైతే రేణువులు ఆ గీత దగ్గరకు వచ్చి అతుక్కొని ఎర్రగీత కనబడుతుంది. పాలలో విషముంటే ప్రతిరక్షకాలు ముందే దానిని పట్టుకొంటవి, గీతకు అతుక్కోవు. అందుచేత గీత పలుచబడుతుంది, లేక రానే రాదు. ఆసుపత్రిలో గర్భ పరీక్ష పట్టీకి రెండో గీత వస్తే ‘ఉన్నది’ అని అర్థము. ఇక్కడ గీత రాకపోతేనే ‘ఉన్నది’ అని అర్థము. ఈ తిరకాసు కార్యదర్శులు బాగా గుర్తుంచుకోవాలి. రెండవదైన సరిచూపు గీత ఎప్పుడూ రావాలి. అది రాకపోతే పట్టీయే చెడినదని తీసిపారవేయాలి.

ఈ విద్య మన తెలుగు నేలమీదా సాగుతున్నది. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో ఆచార్య సోమా వేణుగోపాలరావుగారు, వారి విద్యార్థులు నీటిలో ఉంచిన వెండి, బంగారు రేకులమీద లేసరు దెబ్బలు కొట్టి రేణువులు తయారు చేస్తారు. వాటిని వడపోత కాగితంమీద కూడా వాడి, పేలుడు పదార్థాలను జాడమాత్రంగా ఉన్నా గుర్తించారు. ఆ రేణువుల పక్కన చేరిన పదార్థపు రామన్ వెలుగు ఎన్నో రెట్లు హెచ్చుతుంది. 1928లో సర్ సి.వి. రామన్ కనుగొన్న వెలుగే అది. మిలిటరీకి పనికివచ్చే విద్య రేపు పాలకేంద్రానికీ పనికి వస్తుంది.

ఇక మనం చేయవలసినవి. చెక్కను నేలమీద గాక చెక్కపలకలమీద, గోడకు దూరంగా నిల్వ చేయండి. నెలకు సరిపడా మాత్రమే కొనండి. బూజు వాసన వచ్చిన చెక్కను ఎండబెట్టి పెట్టడం వద్దు. ఎండకు విషము పోదు. పొదుగువాపుకు మందు వేయిస్తే డాక్టరు చెప్పిన గడువు తీరేవరకు ఆ పాలు సంఘానికి పోయకండి. సంఘము మొత్తం పాలనుంచి నమూనా తీసి పరీక్షించాలి. గీత రాకపోతే సభ్యులను జట్లుగా విడదీసి మళ్లీ పరీక్షించాలి. దొరికిన ఇంటివారిని దండించవద్దు. వారి దాణా చూసి మార్పించండి. దాణా మారిన కొద్ది రోజులకే పాలు బాగుపడతవి. పట్టీ చెప్పింది తొలిమాట మాత్రమే. తుదిమాట ప్రయోగశాలదే.

ట్యాంకరు తిరస్కరిస్తే నష్టము ఒక్కరిది కాదు, శుభ్రమైన పాలు పోసిన నూరుమందిది. ఒకరి అజాగ్రత్తకు అందరూ నష్టపోకుండా చూచుకొనడమే సహకారము. పట్టీల ఖర్చు సంగతి వచ్చే సర్వసభ్య సమావేశంలో తీర్మానానికి పెట్టవలసినదిగా కోరుతున్నాను.