మసి ఫిల్టర్‌ను కోసేయొద్దు, బాగుచేసే హక్కు అడుగుదాం

(కొత్తపల్లెలో జరిగిన రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన నంద్యాల, ఆళ్లగడ్డ నల్లరేగడిలో లోతు దుక్కి దున్నాలన్నా, పెద్ద రోటవేటర్ లాగాలన్నా 50 హెచ్‌పీ దాటిన బండి కావాలి. ఇలాంటి ట్రాక్టర్లకు 2023 జనవరి 1 నుంచి ట్రెమ్ స్టేజ్ నాలుగు అనే పొగ నిబంధనలు అమల్లోకి వచ్చాయి. దాంతో కంప్యూటర్ నడిపే ఇంజన్ వచ్చింది. కొన్ని బండ్లకు సైలెన్సర్ దారిలో మసిని పట్టే ఫిల్టర్ కూడా వచ్చింది. దాన్నే డీపీఎఫ్ అంటున్నారు. స్టేజ్ ఐదుకు గడువును 2024 ఏప్రిల్ నుంచి 2026 ఏప్రిల్‌కు జరిపారు. ఆ నిబంధనలు చిన్న బండ్లనూ తాకేవే. కాబట్టి ఇది పెద్ద రైతుల గోల అని ఎవరూ అనుకోవద్దు.

పాత బండి మొరాయిస్తే పానా పట్టుకుని మనమే విప్పి చూసేవాళ్లం. ఇప్పుడు ముందు ఒక లైటు వెలుగుతుంది. పట్టించుకోకపోతే లాగుడు తగ్గుతుంది. ఆఖరికి బండి చేలోనే నిలబడుతుంది. అదును మీద బండి నిలబడితే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా? కంతు మాత్రం ఆగదు.

ఆ ఫిల్టర్ లోపల తేనెతుట్టె లాంటి పింగాణీ దిమ్మె ఉంటుంది. పొగ దాని గోడల్లోంచి బయటికి పోతుంది, మసి లోపలే ఆగుతుంది. ఆగిన మసిని కాల్చాలి. బండి బరువు పనిలో ఉంటే పొగ వేడికే కొంత కాలిపోతుంది. అది చాలనప్పుడు ఇంజన్ అదనంగా డీజిల్ వాడి, ఫిల్టర్‌లో వేడిని 600 డిగ్రీల దరిదాపులకు తెచ్చి మసిని కాలుస్తుంది. దీన్ని రీజెన్ అంటారు.

ఇది తెలిస్తే సగం సమస్య తీరినట్టే. నాలుగు మాటలు గుర్తు పెట్టుకోండి.

ఒకటి. బండిని స్టార్ట్‌లో పెట్టి గట్టు మీద మాటల్లో పడొద్దు. ఊరికే తిరిగే ఇంజన్ వేడెక్కదు, మసి మాత్రం పేరుకుంటుంది. వారమంతా మందు కొట్టడం, ఖాళీ ట్రాలీ తిప్పడమే అయితే మధ్యలో బరువు పని కూడా పెట్టండి.

రెండు. పెట్టెలో చుక్కలున్న బొమ్మ వెలిగిందంటే రీజెన్ కావాలని అర్థం. మాన్యువల్ చూసి, బండిని ఖాళీ నేలలో నిలిపి, న్యూట్రల్ చేసి, హ్యాండ్‌బ్రేక్ వేసి, పీటీఓ ఆపి, స్విచ్ నొక్కండి. అది పూర్తయ్యేదాకా తాళం తిప్పొద్దు. వరిగడ్డి వామి దగ్గర, కల్లంలో, ఎండిన చేలో ఆ పని చెయ్యొద్దు. ఆ వేడికి గడ్డి అంటుకుంటుంది. పిల్లలను దూరంగా ఉంచండి.

మూడు. డీజిల్ బంకులోనే పోయించండి, కిరసనాయిలు కలిపింది వద్దు. 2020 ఏప్రిల్ నుంచి దేశమంతటా అమ్ముతున్న డీజిల్‌లో గంధకం 10 పీపీఎమ్ మించకూడదు. ఈ ఫిల్టర్లు పనిచేసేది అలాంటి డీజిల్‌తోనే.

నాలుగు. ఇంజన్ ఆయిల్ మాన్యువల్‌లో రాసిన గ్రేడే పోయండి. మసి కాలుతుంది కానీ, ఆయిల్ వదిలే బూడిద కాలదు, ఫిల్టర్‌లోనే మిగిలిపోతుంది. రీజెన్‌ను పదే పదే మధ్యలో ఆపితే డీజిల్ ఆయిల్లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ మీద ఆయిల్ మట్టం పెరిగిందంటే సంతోషించకండి, మెకానిక్‌ను పిలవండి.

కొందరు ఫిల్టర్ కోసేసి పైపు వేయిస్తామంటున్నారు. వద్దు. కంప్యూటర్ వెంటనే పట్టేస్తుంది, వారంటీ పోతుంది, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా ఒప్పుకోదు. ఇంకో మాట. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012లోనే తేల్చింది. ఆ పొగ ముందు పీల్చేది సీటు మీద కూర్చున్న మన బిడ్డే.

అంటే తప్పంతా రైతుదేనా? కాదు. బండి అమ్మేటప్పుడు హెచ్‌పీ చెబుతారు, ఫైనాన్స్ చెబుతారు. ఫిల్టర్ ఎన్ని గంటలకు శుభ్రం చేయించాలి, మార్చాలంటే ఎంత ఖర్చు, ఆ మాటే ఎత్తరు. ఎర్రర్ కోడ్ చదివే స్కానర్ కంపెనీ చేతిలో ఉంటే, ఊళ్లో ముప్పై ఏళ్ల అనుభవమున్న మేస్త్రీ కూడా చేతులు కట్టుకుని నిలబడాల్సిందే.

2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ బాగుచేసే హక్కు మీద కమిటీ వేసింది. ముందుగా చూడాల్సిన రంగాల్లో వ్యవసాయ పరికరాలనూ చేర్చింది. అమెరికాలో కొలరాడో రాష్ట్రం 2023లో రైతు యంత్రాల కోసమే చట్టం చేసింది. మాన్యువల్, విడిభాగాలు, సాఫ్ట్‌వేర్ పరికరాలు రైతుకూ బయటి మెకానిక్‌కూ ఇవ్వాలని అందులో ఉంది. అక్కడి రైతు అడిగి సాధించుకున్నది మనం అడగకూడదా?

మన డిమాండ్లు ఇవి. ప్రతి బండికీ తెలుగు మాన్యువల్ ఇవ్వాలి. డెలివరీ రోజే రీజెన్ చేసి చూపించాలి. ఫిల్టర్ వారంటీ, ధర కాగితం మీద రాసివ్వాలి. స్కానర్, కోడ్‌ల వివరాలు బయటి మెకానిక్‌లకు సరసమైన ధరకు దొరకాలి. అనంతపురం జిల్లా గార్లదిన్నెలో కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ యంత్రాల శిక్షణ సంస్థ ఉంది. మన ఊరి మెకానిక్‌లకు ఈ కొత్త ఇంజన్ల మీద అక్కడ శిక్షణ ఇప్పించాలి.

కొత్త బండి కొనబోయేవాళ్లు సంతకానికి ముందే ఈ ప్రశ్నలు అడగండి. ఇప్పటికే ఇబ్బంది పడుతున్నవాళ్లు బండి మోడల్, నడిచిన గంటలు, ఎన్ని రోజులు నిలబడిందీ, ఎంత బిల్లు కట్టిందీ రాసి సంఘానికి ఇవ్వండి. ఒక్కడి గోడు షోరూమ్ గుమ్మం దాటదు. వంద మంది కాగితాలు కలిపి ఇస్తే ఏ అధికారీ పక్కన పెట్టలేడు.